బూట్ల పెట్టెలోని పెళ్లి వీడియో: పాత హెచ్‌డీ క్యామ్‌కార్డర్ ఫుటేజీని తక్కువ ఖర్చులో ఎడిట్ చేసి దాచుకునే పద్ధతి

బీరువా పైనుంచి పాత క్యామ్‌కార్డర్ బ్యాగు దింపాక చెయ్యి ఊరుకోదు. దొరికిన క్యాసెట్ పెట్టి ప్లే నొక్కేయాలనిపిస్తుంది. కాస్త ఆగండి. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు గాలిలో తేమ ఎక్కువ. పదిహేనేళ్లు కదపకుండా పడి ఉన్న క్యాసెట్‌కు బూజు పట్టి ఉండొచ్చు. వెలుతురులోకి తీసుకెళ్లి, క్యాసెట్ మీదున్న చిన్న అద్దంలోంచి టేపు చుట్ట అంచును చూడండి. నల్లగా, నున్నగా ఉంటే సరే. తెల్లటి పొడిలాగానో సాలెగూడు దారాల్లాగానో ఏమైనా కనిపిస్తే దాన్ని కెమెరాలో పెట్టకండి. ఆ బూజు కెమెరా లోపల టేపును చదివే హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకూ పాకుతుంది. అలాంటివాటిని విడిగా ఒక కవర్లో కట్టి పక్కన పెట్టండి.

మా ఇంట్లో తేలిన లెక్క ఇది. ఒక బూట్ల పెట్టెలో 11 మినీ డీవీ క్యాసెట్లు, అందులో రెండింటికి బూజు. 5 మెమరీ కార్డులు. అన్నీ కలిపి సుమారు 30 గంటల వీడియో. అప్ప (అక్క) పెళ్లి, గృహప్రవేశం, నాలుగేళ్ల సిరిమాను (పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే మా విజయనగరం పైడితల్లమ్మ ఉత్సవం), ఒకసారి అరసవల్లి వెళ్లి అక్కణ్నుంచి శ్రీకూర్మం చూసొచ్చింది, పెరట్లో కూర్చుని మామ్మ ఎవరినో తిడుతున్న ఇరవై నిమిషాలు. ఆ బూజు క్యాసెట్లు రెండూ తప్ప వీటన్నిటినీ ఒక పాత ల్యాప్‌టాప్‌తో ఒడ్డున పడేశాను. సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టలేదు. ఖర్చంతా రెండు హార్డ్ డిస్కులకీ ఒక కేబుల్‌కీ అయింది.

చాలామంది ఎడిటింగ్‌తో మొదలుపెట్టి, అది సగంలో విసుగొచ్చి వదిలేస్తారు. ఈలోగా కార్డు పాడవుతుంది, కెమెరా మూలపడుతుంది. కాబట్టి వరస తిప్పండి. ముందు ఉన్నది ఉన్నట్టు రెండు చోట్ల దాచండి. ఎడిటింగ్ ఈ ఏడాది కాకపోతే పై ఏడాది చేసుకోవచ్చు.

మీ దగ్గరున్నది ఏ రకం?

మన ఇళ్లలో ఉండేవి దాదాపు మూడు రకాలు. మొదటిది మామూలు డీవీ, అంటే హెచ్‌డీ కాదు. ఇక్కడ కొన్న కెమెరా అయితే 720 బై 576 చుక్కల బొమ్మ, గంటకు సుమారు 13 జీబీ. రెండోది హెచ్‌డీవీ. ఇది 2003లో వచ్చింది. అదే మినీ డీవీ క్యాసెట్ మీద 1080 గీతల హెచ్‌డీ వీడియో రాస్తుంది. దీనికీ గంటకు 11 నుంచి 13 జీబీ పడుతుంది. మూడోది ఏవీసీహెచ్‌డీ. సోనీ, పానసోనిక్ కలిసి 2006లో తెచ్చిన ఈ పద్ధతిలో వీడియో కార్డు మీదో, కెమెరా లోపలి డిస్కు మీదో ఫైలుగా పడుతుంది. సెకనుకు 17 మెగాబిట్ల మోడ్‌లో తీసి ఉంటే గంటకు ఏడున్నర జీబీ, 24 మెగాబిట్లలో అయితే 11 జీబీకి కాస్త తక్కువ.

క్యాసెట్ చూసి అది డీవీనో హెచ్‌డీవీనో చెప్పలేం, పైకి రెండూ ఒకటే. కెమెరా పక్కన హెచ్‌డీవీ అని ముద్ర ఉందేమో చూడండి. హెచ్‌డీవీలో తీసిన క్యాసెట్‌ను మామూలు డీవీ కెమెరాలో పెడితే బొమ్మ రాదు. క్యాసెట్ ఖాళీ అనుకుని పారేసేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు.

ఇంకో సంగతి. మనవాళ్ల ఇళ్లలో కెమెరాలు చాలావరకు అమెరికా నుంచి అన్నయ్యో, బాబాయో తెచ్చినవే. అక్కడి కెమెరా సెకనుకు 30 ఫ్రేముల లెక్కన తీస్తుంది, ఇక్కడ కొన్నది 25 లెక్కన. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, అమెరికా కెమెరాతో ట్యూబులైటు కింద తీసిన పెళ్లి వీడియోలో వెలుతురు కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. అది టేపు పాడవడం కాదు. ఆ కెమెరా ఇప్పటికీ వాడుతుంటే షట్టర్ వేగాన్ని సెకనులో 1/100 వంతుకు మార్చుకుంటే ఆ బాధ తగ్గుతుంది. పాతదానికి మాత్రం చేయగలిగింది తక్కువే.

కార్డుల్లో ఉన్నవాటిని దింపడం

కార్డు తెరిస్తే ప్రైవేట్ అని ఒక ఫోల్డర్, దానిలో ఏవీసీహెచ్‌డీ, దానిలో బీడీఎంవీ, దానిలో స్ట్రీమ్. ఆ స్ట్రీమ్‌లో ఎంటీఎస్ ఫైళ్లు ఉంటాయి. అందరూ చేసే పని ఆ ఎంటీఎస్ ఫైళ్లను మాత్రం లాక్కుని కార్డు ఫార్మాట్ చేసేయడం. నేనూ అదే చేశాను.

దెబ్బ ఎక్కడ తగిలిందో చెబుతాను. ఆగకుండా ఎక్కువసేపు తీసినప్పుడు కెమెరా ఫైలును ముక్కలు చేస్తుంది. కొన్నిటిలో 2 జీబీకి ఒక ముక్క, కొన్నిటిలో 4 జీబీకి. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చెప్పే చిట్టా మిగతా ఫోల్డర్లలో ఉంటుంది. ముక్కలను ఎడిటర్‌లో పక్కపక్కన పెడితే అతుకు దగ్గర చిన్న గతుకు వస్తుంది, మాట సగంలో మింగినట్టు. అప్ప పెళ్లిలో ఆ అతుకు ఎక్కడ పడిందనుకున్నారు? సరిగ్గా జీలకర్ర బెల్లం దగ్గర.

కాబట్టి ప్రైవేట్ ఫోల్డర్‌ను మొత్తంగా, ఏమీ కదపకుండా కాపీ చేయండి. ఒక్కో కార్డుకూ ఒక్కో ఫోల్డర్. రెండు కార్డులను ఒకే చోట పోస్తే కుదరదు, ప్రతి కార్డులోనూ ఫైళ్ల పేర్లు 00000 నుంచే మొదలవుతాయి. ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతాయి. ముక్కలను కలపడానికి కెమెరాతో వచ్చిన సీడీలోని సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ పనిచేస్తే అదే మేలు, లేకపోతే లాస్‌లెస్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మర్జ్ చేయండి. కలిపాక అతుకు దగ్గర ఓసారి విని చూసుకోవాలి.

ఎంటీఎస్‌ను ఎంపీ4గా మార్చేసి అసలు తీసేద్దామా అని అడుగుతారు. వద్దు. తీసిన తేదీ, గంట, నిమిషం ఎంటీఎస్ ఫైలు లోపల వీడియోతో కలిసే నమోదై ఉంటాయి. మామూలుగా ఎంపీ4లోకి మారిస్తే ఆ సమాచారం పోతుంది. పైగా ఒకసారి కుదించిన వీడియోను మళ్లీ కుదిస్తే మిగిలేది ఎంగిలి బొమ్మ. మిగిలే చోటు కూడా అంత గొప్పదేం కాదు.

క్యాసెట్లను దింపడం

ఇక్కడే కాస్త ఓపిక కావాలి. క్యాసెట్ గంటదైతే గంటసేపు ఆడాల్సిందే, దగ్గరి దారి లేదు.

డీవీ, హెచ్‌డీవీ కెమెరాల్లో బొమ్మ బయటికి వచ్చే అసలు దారి ఫైర్‌వైర్ అనే పోర్టు. సోనీవాళ్లు దాన్నే ఐలింక్ అంటారు. కెమెరాకు యూఎస్‌బీ కూడా ఉంటుంది కానీ, ఎక్కువ మోడళ్లలో అది ఫొటోల కోసమే. ఆన్‌లైన్‌లో ఒకవైపు ఫైర్‌వైర్, ఇంకోవైపు యూఎస్‌బీ ఉన్న చవక కేబుళ్లు, అడాప్టర్లు దొరుకుతాయి. కొనకండి, అవి ఈ పనికి పనికిరావు. ఫైర్‌వైర్ సంకేతం యూఎస్‌బీలోకి వట్టి తీగతో మారదు.

చవకైన దారి పాత ల్యాప్‌టాప్. 2005 నుంచి 2010 మధ్య వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లకు నాలుగు పిన్నుల చిన్న ఫైర్‌వైర్ పోర్టు ఉండేది. బంధువుల ఇళ్లలో అటక మీద అడగండి, దొరుకుతుంది. మాకు చిన్నాన్న దగ్గర దొరికింది. బ్యాటరీ చచ్చిపోయింది, మిగతాదంతా భేషుగ్గా ఉంది. డెస్క్‌టాప్ ఉంటే ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవచ్చు. విండోస్ 10లో దానికోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చే లెగసీ (పాత తరహా) డ్రైవర్ వేయాల్సి రావచ్చు. మ్యాక్ వాడేవాళ్లు కొత్త ఓఎస్‌కు మారకముందే ఈ పని ముగించుకోవాలి. 2025లో వచ్చిన మ్యాక్ ఓఎస్ 26తో ఆపిల్ ఫైర్‌వైర్‌ను పూర్తిగా తీసేసింది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, విండోస్‌లో డీవీకి విన్‌డీవీ, హెచ్‌డీవీకి హెచ్‌డీవీస్ప్లిట్. రెండూ పాతవి, చిన్నవి, ఉచితం. లైనక్స్ అయితే డీవీగ్రాబ్ ఒక్కటే రెండూ చేస్తుంది. ఇవి టేపు మీదున్న అంకెలను అలాగే ఫైలులోకి తెస్తాయి. బొమ్మ నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, తేదీలూ వస్తాయి.

కెమెరా మెనూలో ఒక ఉచ్చు ఉంది. ఐలింక్ కన్వర్షన్ లాంటి పేరుతో ఒక సెట్టింగ్ కనిపిస్తుంది. అది ఆన్‌లో ఉంటే కెమెరా హెచ్‌డీవీని మామూలు డీవీగా దించి పంపుతుంది. మీరు హెచ్‌డీ వస్తోందనుకుంటారు, వచ్చేది 576 గీతల బొమ్మ. దాన్ని ఆఫ్ చేశాకే మొదలుపెట్టండి. దింపిన మొదటి ఫైలును మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, 1440 బై 1080 అని ఉందో లేదో చూసుకోండి.

ప్రతి క్యాసెట్‌ను ఆడించే ముందు చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ మొదటికి రీవైండ్ చేయండి. ఏళ్ల తరబడి ఒకే బిగువులో ఉన్న టేపు సర్దుకుంటుంది. వానాకాలంలో ఏసీ గదిలోంచి బయటికి తెచ్చిన కెమెరా డ్యూ అని హెచ్చరిస్తే, లోపల తడి చేరిందని అర్థం. మూత తెరిచి గంటో రెండు గంటలో వదిలేయండి. బొమ్మలో గళ్లు గళ్లుగా చతురస్రాలు పడుతుంటే హెడ్ మురికైనట్టు. డ్రై క్లీనింగ్ క్యాసెట్‌ను పది సెకన్లు ఆడిస్తే చాలు. అంతకుమించి పదేపదే వాడితే హెడ్ అరుగుతుంది.

కరెంటు సంగతి వేరే చెప్పాలా. చిన్నాన్న ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ లేదన్నాను కదా, రెండుసార్లు క్యాసెట్ నలభయ్యో నిమిషంలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైనులో పెట్టుకున్నాక గొడవ వదిలింది.

ఫైర్‌వైర్ ఏ రకంగానూ దొరక్కపోతే చివరి మార్గం హెచ్‌డీఎంఐ. కొన్ని హెచ్‌డీవీ కెమెరాలకు ఆ పోర్టు ఉంటుంది, చవక క్యాప్చర్ స్టిక్‌తో బొమ్మ పట్టొచ్చు. నాణ్యత తగ్గుతుంది, తేదీలు రావు. ఏమీ లేనిదానికంటే నయం. స్టూడియోకి ఇచ్చేటట్టయితే డీవీడీ అడగకండి. డీవీడీ అంటే హెచ్‌డీని 576 గీతలకు దించడమే. అసలు ఫైళ్లు మా హార్డ్ డిస్కులో వేసి ఇవ్వండి అని గట్టిగా చెప్పండి, క్యాసెట్లు లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తీసుకోండి.

పేర్లు పెట్టడం

ఎడిటింగ్ కంటే ఇది ముఖ్యమని నా అభిప్రాయం. 00012 అనే ఫైలులో మామ్మ ఉందని మీకు తెలుసు, మీ పిల్లలకు తెలీదు.

ఫోల్డర్ పేరు ఏడాది, నెల, తేదీ వరసలో మొదలవ్వాలి. 2011-10-11_సిరిమాను అన్నట్టు. అలా పెడితే కంప్యూటర్ తనంతట తానే కాలక్రమంలో పేరుస్తుంది. తెలుగు పేరు పెట్టినా కంప్యూటర్‌కు ఇబ్బంది లేదు. కొన్ని పాత టీవీల్లో మాత్రం డబ్బాలు కనిపిస్తాయి, అందుకని టీవీ కోసం చేసిన కాపీలకు ఇంగ్లిషు అక్షరాలు వాడుకోండి. లోపలి అసలు ఫైళ్ల పేర్లు మార్చకండి, ముఖ్యంగా ఏవీసీహెచ్‌డీ ఫోల్డర్‌లో. మారిస్తే చిట్టా తెగుతుంది.

కెమెరా గడియారం ఆగిపోయి అన్నిటి మీదా ఒకే పాత తేదీ, జనవరి 1 అని పడి ఉంటే కంగారు పడకండి. గోడ మీది క్యాలెండర్, పెళ్లి శుభలేఖ, బడి యూనిఫాం, పక్కన ఆగిన బండి నంబరు, ఏదో ఒకటి పట్టిస్తుంది. సిరిమాను వీడియోలు అయితే మరీ సులువు. పైడితల్లమ్మ సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారమే. ఏడాది తెలిస్తే తేదీ పాత క్యాలెండర్‌లో దొరికిపోతుంది. ఏడాది తెలియకపోతే, జనంలో ఎవరి భుజం మీద ఏ గుంటడు ఉన్నాడో చూసి వాడి వయసు లెక్కేశాం మేము.

ప్రతి ఫోల్డర్‌లో నోట్‌ప్యాడ్ ఫైలు ఒకటి పెట్టండి. ఎవరెవరున్నారు, ఏ ఊరు, కెమెరా ఎవరి చేతిలో ఉంది. పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. మా పెదనాన్న ఒక్క మధ్యాహ్నంలో ముప్ఫై మంది పేర్లు చెప్పారు. అందులో సగం నాకు తెలియవు.

రెండు డిస్కులు, తర్వాతే కార్డు ఫార్మాట్

30 గంటలు, గంటకు 12 జీబీ వేసుకున్నా 360 జీబీ. 1 టీబీ డిస్కు కంప్యూటర్‌లో 931 జీబీ అని చూపిస్తుంది. అంటే ఎడిట్ చేసినవాటికి కూడా బోలెడు చోటు మిగులుతుంది. అందుకని 4 టీబీది ఒకటి కొనే డబ్బుతో చిన్నవి రెండు కొనండి, వీలైతే వేరువేరు కంపెనీలవి. ఒకే రోజు కొన్న ఒకే రకం డిస్కులు ఒకేలా జబ్బు పడొచ్చు.

కాపీ చేసేటప్పుడు టెరాకాపీ లాంటిది వాడి, వెరిఫై అనేదానికి టిక్ పెట్టండి. కాపీ అయ్యాక రెండు వైపులా చదివి, తేడా ఉంటే చెబుతుంది. టైమ్ రెట్టింపు పడుతుంది, పడనివ్వండి. రెండు డిస్కుల్లోనూ సరిపోయిందని చూశాకే కార్డు ఫార్మాట్. క్యాసెట్లనైతే అసలు చెరపకండి, మళ్లీ పెట్టెలోకే.

ఆర్కైవ్‌కు పెన్‌డ్రైవ్ వద్దు. ఎస్ఎస్‌డీ కూడా వద్దు. కరెంటు తగలకుండా ఏళ్లు పడి ఉంటే దానిలో చార్జ్ మెల్లగా ఇంకిపోతుంది. ఎడిటింగ్‌కు మాత్రం ఎస్ఎస్‌డీ హాయి.

ఇప్పుడు ఎడిటింగ్

నేను వాడేది షాట్‌కట్. ఉచితం, తేలిక, పాత మెషీన్ మీద కూడా నడుస్తుంది. కేడెన్‌లైవ్ కూడా అదే కోవలోది. డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ రంగుల విషయంలో వీటికంటే చాలా మెరుగు కానీ, దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. మా ల్యాప్‌టాప్ దాన్ని తెరవగానే విమానంలా మోత మోగింది, మూసేశాను.

ఏవీసీహెచ్‌డీ ఫైళ్లు పాత మెషీన్‌ను నంజుకు తింటాయి, ప్లే చేస్తే ఆగి ఆగి కదులుతాయి. షాట్‌కట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆన్ చేయండి. అది చిన్న సైజు నకళ్లు తయారు చేసుకుని ఎడిటింగ్‌లో వాటిని చూపిస్తుంది, చివరికి ఎగుమతి (ఎక్స్‌పోర్ట్) మాత్రం అసలు ఫైలు నుంచే చేస్తుంది. రాత్రి పడుకునే ముందు ఫైళ్లన్నీ వేసి వదిలేస్తే తెల్లారేసరికి నకళ్లు సిద్ధం.

ప్రాజెక్ట్ మొదట్లోనే వీడియో మోడ్ ఎంచాలి. ఇక్కడి కెమెరా అయితే 1080పీ 25, అమెరికాదైతే 1080పీ 29.97 (పైన 30 అన్నది నిజానికి ఇదే). రెండూ కలిసి ఉంటే ఏది ఎక్కువుంటే దాని లెక్కకు వెళ్లండి, మిగిలింది కాస్త గంతులేస్తుంది, తప్పదు.

ఈ కెమెరాల్లో ఎక్కువ భాగం ఇంటర్‌లేస్డ్‌గా తీస్తాయి. ఒక ఫ్రేమును రెండు సగాలుగా, బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి పడతాయి. కంప్యూటర్‌లో చూస్తే చెయ్యి ఊపినప్పుడల్లా అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. షాట్‌కట్ ఎగుమతిలో డీఇంటర్‌లేసర్ అనే చోట యాడిఫ్ గానీ బీడబ్ల్యూడిఫ్ గానీ ఎంచితే పళ్లు పోతాయి. హెచ్‌డీవీ, ఏవీసీహెచ్‌డీలలో పై సగం ముందు వస్తుంది, మామూలు డీవీలో కింది సగం. ఎడిటర్ దీన్ని తప్పుగా అనుకుంటే కదలిక ముందుకీ వెనక్కీ వణుకుతుంది. క్లిప్ ప్రాపర్టీస్‌లో ఫీల్డ్ ఆర్డర్ మారిస్తే సర్దుకుంటుంది. అలాగే హెచ్‌డీవీ బొమ్మలో అందరూ సన్నగా, పొడుగ్గా కనిపిస్తే, 1440 చుక్కలను 1920 వెడల్పుకు సాగదీయడం మర్చిపోయినట్టు. అక్కడే యాస్పెక్ట్ రేషియో 16:9 చేయండి.

తప్పెటగుళ్లు లాంటి వేగమైన ఆట తీసి ఉంటే 25 ఫ్రేముల్లో ఆ ఊపు చచ్చిపోతుంది. అలాంటి క్లిప్పులను ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వేసి, డీఇంటర్‌లేస్‌ను బాబ్ అని, ఫ్రేమ్ రేట్‌ను 50 అని పెట్టి మార్చుకోండి. సెకనుకు 50 సగాలూ 50 పూర్తి ఫ్రేములవుతాయి. గజ్జె కాళ్లు తేటగా కనిపిస్తాయి. ఆ ప్రాజెక్టును 1080పీ 50లోనే చేయాలి.

ఇక కోత. మా 2011 సిరిమాను ఫుటేజీ గంటా నలభై నిమిషాలు. చివరికి మిగిలింది తొమ్మిది నిమిషాలు. మొదటిసారి ఏమీ కోయకుండా చూశాను, పక్కన నోటుబుక్కు పెట్టుకుని నిమిషం, సెకను రాసుకుంటూ. ఆ రాసుకున్నవాటిలోంచే ఎంచాను. పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల సిరిమానుకు ముందు నడుస్తాయి కదా, ఒక్కోదానికి పది పన్నెండు సెకన్లు. మాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది, నేను మూడూ తీశాను. మూడూ పెడితే చూసేవాళ్లకు నిద్ర వస్తుంది. రెండోసారి తిరిగినప్పుడు మాను చివర కూర్చున్న పూజారి మొహం బాగా పడింది, అదొక్కటే పూర్తిగా ఉంచాను. మాను రాకముందు జనం ఎదురుచూస్తున్న నలభై నిమిషాల్లోంచి ఒక నిమిషం మాత్రం పెట్టాను. మేడల మీద జనం, అరటిపండ్లు పట్టుకున్న చేతులు, నాన్న భుజం మీద నిద్రపోతున్న చెల్లి. ఆ నిమిషం లేకపోతే మాను వచ్చినప్పుడు ఒళ్లు జలదరించదు.

షాట్‌కట్‌లో ఎస్ నొక్కితే గీత ఉన్నచోట కోత పడుతుంది, ఎక్స్ నొక్కితే ఆ ముక్క పోయి పక్కది జరిగి అతుక్కుంటుంది. తొంభై శాతం పని ఈ రెండు మీటలతోనే. పువ్వులు రాలుతూ, పేజీ తిరుగుతూ మారే ట్రాన్సిషన్లు దయచేసి వద్దు. పెళ్లి స్టూడియోలు వాటిని ఇప్పటికే సరిపడా వాడేశాయి.

శబ్దం మీద బొమ్మ కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. నార్మలైజ్ ఫిల్టర్ వేస్తే గట్టి ముక్క, మెల్లటి ముక్క సమానమవుతాయి. కళింగపట్నం బీచ్‌లో తీసినదానికి గాలి బర్రుమంటుంటే హై పాస్ ఫిల్టర్‌ను 100 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. గాలి మోత చాలావరకు తగ్గుతుంది, మాట నిలుస్తుంది. డప్పుల మీద సినిమా పాట వేయకండి. యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుంది, అది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది: ఆ రోజు గంటస్తంభం దగ్గర వినిపించిన మోత ఇంకెక్కడా దొరకదు, సినిమా పాట ఫోన్లో ఎప్పుడైనా దొరుకుతుంది.

తెలుగు టైటిళ్లకు యూనికోడ్ ఫాంటే వాడాలి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఉచితంగా దొరుకుతాయి. డీటీపీ సెంటర్‌లో పాత పద్ధతి ఫాంట్లలో కొట్టించి తెచ్చిన మేటర్ ఇక్కడ పేస్ట్ చేస్తే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి వస్తుంది. కొన్ని ఎడిటర్లలో వత్తులు విడిపోతాయి కాబట్టి, స్త్రీ, రాష్ట్రం లాంటి మాటలు కొట్టి ముందే పరీక్షించుకోండి.

అన్నిటినీ కోయాల్సిన పని లేదు. మామ్మ తిట్ల వీడియోకు నేను చేసిందల్లా మొదట్లో కెమెరా నేలను చూపిస్తున్న పది సెకన్లు తీసేయడం. "ఏటి బావా, మామ్మ తిట్లు కూడా దాసెత్తావేటి?" అని మా బావమరిది నవ్వాడు. ఇంట్లో ఇప్పుడు అందరూ ఎక్కువసార్లు చూసింది అదే.

ఎగుమతి

టీవీలో, ఫోన్లో, ఎక్కడైనా ఆడాలంటే ఎంపీ4, హెచ్.264, ఏఏసీ ఆడియో. హ్యాండ్‌బ్రేక్‌లో నాణ్యత స్లైడర్ 18 నుంచి 20 మధ్య పెట్టండి. అంకె తగ్గేకొద్దీ నాణ్యత, సైజు రెండూ పెరుగుతాయి. హెచ్.265లో సైజు తగ్గుతుంది కానీ, పాత టీవీలు దాన్ని ఆడించవు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, టీవీ ఒప్పుకుంటే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసుకోండి. వాట్సాప్‌లో పంపితే వీడియోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి, 2 జీబీ వరకు కుదించకుండా వెళ్తుంది. దూరాన ఉన్నవాళ్లకు యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా పెట్టి లింకు ఇవ్వడం సులువు. కానీ అక్కడిది వాళ్లు మళ్లీ కుదించిన కాపీ. దాన్ని భద్రపరిచిన కాపీగా లెక్కేయకండి. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది ఒక గంటన్నర క్యాసెట్‌కు కూడా చాలదు.

ఎంపీ4తో పాటు షాట్‌కట్ ప్రాజెక్ట్ ఫైలు కూడా అదే ఫోల్డర్‌లో ఉంచండి. చాలా చిన్న ఫైలు. రేపు అమ్మ వచ్చి "మీ మేనత్తను ఎందుకు తీసేశావురా" అంటే మొదటి నుంచి చేయనక్కర్లేదు.

డిస్కులు ఎక్కడ ఉండాలి

రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉంటే ఒకటి ఉన్నట్టే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి. హుద్‌హుద్ రాత్రి మా పైగది కిటికీ రెక్క ఊడిపోయి, అల్మారాలో ఉన్న ఆల్బమ్‌లు తడిసి ముద్దయ్యాయి. పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఇప్పటికీ విడిపోలేదు. డిస్కు కూడా అక్కడే ఉండుంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

ఇప్పుడు ఒక డిస్కు విజయనగరంలో మా ఇంట్లో, రెండోది శ్రీకాకుళంలో మావయ్య ఇంట్లో. రెండిటినీ జిప్ కవర్లో, బూట్ల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో, నేల మీద కాకుండా నడుం ఎత్తు అరలో పెట్టాం. సంక్రాంతికి అక్కడికి వెళ్లినప్పుడు మా డిస్కు పట్టుకెళ్లి, ఆ ఏడాది చేరిన కొత్తవాటిని మావయ్య ఇంట్లోని డిస్కులోకి ఎక్కించి వస్తాను. అప్పుడే రెండు డిస్కులనూ కాసేపు తిప్పి, అక్కడో ఫైలు ఇక్కడో ఫైలు తెరిచి చూస్తాను. కిటకిటమని చప్పుడు వచ్చినా, ఫోల్డర్ తెరుచుకోవడం ఆలస్యమైనా ఆ డిస్కును ఇక నమ్మను. ఏ చప్పుడూ లేకపోయినా ఐదారేళ్లకు ఒకసారి కొత్తదానికి మారిస్తే మంచిది.

బూజు పట్టిన ఆ రెండు క్యాసెట్ల సంగతి మిగిలింది. అవి ఇంకా కవర్లోనే ఉన్నాయి, సిలికా జెల్‌తో. టేపు శుభ్రం చేసే పని తెలిసినవాళ్లకే ఇవ్వాలి, లేదా పోయినా పర్వాలేదనుకునే పాత కెమెరా ఒకటి దొరకాలి. నేను రెండోదాని కోసం చూస్తున్నాను. ఒక క్యాసెట్ లేబుల్ మీద నాన్న చేతిరాతతో "పొందూరు" అని ఉంది. అక్కడికి ఎప్పుడు వెళ్లామో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.